ఫిరంగి షెల్ కేసులు సేకరించాలనుకుంటే ముందు అడుగు చూడండి

ఫ్రాన్స్‌లో సోమ్, వెర్డన్ వైపు పొలం దున్నితే మొదటి ప్రపంచయుద్ధం (1914-18) నాటి ఫిరంగి గుండ్లు ఇప్పటికీ బయటపడుతూనే ఉంటాయి. మీకు కనబడితే మాత్రం ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి. తుప్పు పట్టింది కదా ఇంకేం పేలుతుందిలే అనుకోవద్దు, కొన్నిటిలో విషవాయువు కూడా ఉంటుంది.

కొత్తవాళ్లు ఖాళీ ఇత్తడి షెల్ కేసులతో, అంటే గుండు పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలతో, మొదలుపెట్టడం మేలు, అదీ బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే. తిరగేసి అడుగు చూడండి: ఫ్రెంచి 75 ఎం.ఎం. ఫిరంగిదైతే ‘75 DE C’ అని, బ్రిటిష్ వాళ్ల 18 పౌండర్ ఫిరంగిదైతే ‘18 PR’ అని కొట్టి ఉంటుంది, పక్కనే సంవత్సరం కూడా దొరకొచ్చు. మధ్యలో ఉండే ప్రైమర్ (లోపలి మందును అంటించే చిన్న భాగం) పేలిపోయిందో లేదో తేలకపోతే ఎంత చవకైనా వదిలేయండి. ఫ్యూజు (గుండును పేల్చే భాగం) ఉన్న గుండు జోలికి అసలు పోవద్దు.

గుండు పేలినప్పుడు చిమ్మే ష్రాప్నెల్ గోళీలు చవక, ఒక్క 18 పౌండర్ గుండులోనే 370కి పైగా ఉండేవి మరి! సీసం కాబట్టి పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఇంటికి తెచ్చాక ఇత్తడి చెంబులా చింతపండేసి తోమేయకండి బాబూ, ఆ నల్లదనమే దాని అందం. విమానంలో తేవాలని మాత్రం చూడకండి, ఖాళీదని మీకు తెలుసు, స్కానర్ దగ్గరున్న ఆయనకు తెలియదు.