"గ్యాస్ అయిపోయింది సార్" అనే లోపు: ఫ్రిజ్ రోగం ఇంట్లోనే పట్టుకోవడం

హైదరాబాద్‌లో ఫ్రిజ్ మొరాయిస్తే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట: "గ్యాస్ అయిపోయింది సార్, ఎక్కియ్యాలె." వంటగ్యాస్ సిలిండర్‌లాగా ఫ్రిజ్‌లో గ్యాస్ వాడేకొద్దీ తరిగిపోదు. సీల్ చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టు. ఆ చిల్లు మూయకుండా ఎక్కించిన గ్యాస్ కూడా అదే దారిన పోతుంది. అందుకని ఆ మాటకు తలూపే ముందు ఇవి చూసుకోండి.

కావాల్సినవి స్క్రూడ్రైవర్, టార్చి, మల్టీమీటర్ (వోల్టులు, ఓమ్‌లు కొలిచే మీటరు). మీటరు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ఖరీదైనదేం అక్కర్లేదు. ప్లగ్ పీకకుండా ఏ మూతా విప్పొద్దు. లేబుల్ మీద ఆర్600ఏ అని ఉంటే లోపలున్నది ఐసోబ్యూటేన్, అంటుకునే గ్యాస్. అలాంటి ఫ్రిజ్ గొట్టాల జోలికి మనం వెళ్లకూడదు.

పైన ఐసు రాయిలా ఉంది, కింద పాలు విరిగిపోతున్నాయి

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు తరచూ వచ్చే జబ్బు ఇదే. మా ఇంట్లో దీన్ని ముందు పట్టించింది దోసెల పిండి. రాత్రి లోపల పెట్టింది మర్నాడు మధ్యాహ్నానికి పొంగి మూత ఎత్తేసింది. వచ్చినతను షరా మామూలుగా గ్యాస్ అన్నాడు. మా అమ్మ పైతలుపు తీసి, "ఐస్‌క్రీం ఇంత గట్టిగా ఉంటే గ్యాస్ ఎట్లా పోయిందిరా?" అంది. అతని దగ్గర జవాబు లేదు.

ఈ ఫ్రిజ్‌లలో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కాయిల్ దగ్గర. అక్కడి చల్లగాలిని ఫ్యాన్ కిందికి తోస్తుంది. కాయిల్ మీద పేరుకునే మంచును కొన్ని గంటలకోసారి హీటర్ కరిగిస్తుంది, అదే డీఫ్రాస్ట్. ఇది జరగకపోతే మంచు గోడ కట్టేస్తుంది, గాలి దాటలేదు. పైన చల్లగా ఉంటుంది, కింద వెచ్చబడుతుంది.

ముందు ఫ్యాన్ సంగతి. చాలా మోడళ్లలో తలుపు తీస్తే ఫ్యాన్ ఆగుతుంది. కంప్రెసర్ (ఫ్రిజ్ వెనక అడుగున ఉండి గ్యాస్‌ను తిప్పే మోటారు) నడుస్తుండగా తలుపు దగ్గరి స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకుని చెవి పెట్టండి. గాలి హోరు వినిపిస్తే ఫ్యాన్ బాగానే ఉంది. గరగరమంటే రెక్కకు ఐసు తగులుతోంది. ఏ చప్పుడూ లేకపోతే మోటారు మీద అనుమానం.

తర్వాత పైసా ఖర్చు లేని పరీక్ష. అంతా ఖాళీ చేసి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ 24 గంటలు బార్లా తెరిచి ఉంచండి. కింద పాత తువ్వాళ్లు పరవండి, నీళ్లు బాగానే వస్తాయి. మళ్లీ వేశాక వారం పది రోజులు బాగా పనిచేసి ఆపైన పాత కథే మొదలైతే అది దాదాపు ఖాయంగా డీఫ్రాస్ట్ లోపం.

మాకు తొమ్మిదో రోజు మళ్లీ మొదలైంది. ప్లగ్ తీసి పలక విప్పి చూస్తే కాయిల్ కనపడలేదు. దాని ఎత్తూ వెడల్పూ ఉన్న తెల్లటి ఇటుక, అందులోంచి ఒక వైరు ముక్క బయటికి. అది మొత్తం కరిగాక మీటరు పెట్టాను.

మీటరును ఓమ్‌ల మీద పెట్టి హీటర్‌ది ముందు చూడండి. 230 వోల్టుల మీద 150 వాట్ల హీటర్ అయితే సుమారు 350 ఓమ్‌లు, 200 వాట్లదైతే 265 దాకా రావాలి. అసలు రీడింగే లేకపోతే తీగ తెగింది. మాది అలాగే తెగింది. అదే పొడవు, అదే వాటేజీది తెచ్చి వేస్తే సరిపోయింది. వేడి మితిమీరితే హీటర్‌కు కరెంటు ఆపేసే థర్మల్ ఫ్యూజు సున్నాకు దగ్గరగా చూపాలి. పోతే మార్చండి గాని, వైర్లు రెండూ కలిపి మెలేసి వదలొద్దు. హీటర్ ఆగకుండా కాలితే ప్లాస్టిక్ కరిగేది మీ ఇంట్లోనే.

పొరపడేది బైమెటల్ దగ్గర. కాయిల్ బాగా చల్లగా ఉన్నప్పుడే హీటర్‌కు కరెంటు వదిలే స్విచ్ అది. గది వేడిలో అది తెరుచుకునే ఉంటుంది, కాబట్టి రీడింగ్ రాకపోవడం తప్పు కాదు. ఇది తెలియక మంచివాటిని పారేస్తుంటారు. ఉత్త ఐసు నీళ్లలో ముంచినా చాలదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఉప్పు కలిపిన ఐసులో కాసేపు ఉంచి కొలవండి. అప్పుడు కూడా కలవకపోతే అది పోయినట్టే.

ఈ మూడూ బాగుంటే పాత మోడళ్లలో మిగిలేది డీఫ్రాస్ట్ ఎప్పుడో నిర్ణయించే టైమర్. కాయిల్ మీద మళ్లీ మంచు పట్టాక ప్లగ్ తీసి, దాని మీది గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి టక్ మనేదాకా మెల్లగా తిప్పి, మూతలు బిగించి, ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ నడవకుండా, కొద్ది నిమిషాల్లో ఫ్రీజర్ వెనక చుయ్‌మంటే హీటర్ పనిచేస్తోంది, టైమర్ తనంతట తాను తిరగడం లేదు. కొత్తవాటిలో ఈ పని ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. దాన్ని ఇంట్లో కెలక్కపోవడమే మేలు.

రెండు అరలూ వెచ్చగా ఉన్నాయి, వెనక "గుమ్... టక్"

కంప్రెసర్ లేవబోయి పడిపోతోంది. కొన్ని నిమిషాలకోసారి ఇదే తంతు. మే నెల రాత్రి అపార్ట్‌మెంట్‌లో అందరి ఏసీలూ ఆన్‌లో ఉన్నప్పుడే ఇలా అయితే ముందు వోల్టేజీ చూడండి. 230కి బదులు 170, 180 చూపిస్తే స్టెబిలైజర్ పెట్టాలి. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు టక్ మనడం మామూలే, అయిదు నిమిషాలు ఆగండి.

వోల్టేజీ సరిగ్గా ఉంటే ప్లగ్ తీసి కంప్రెసర్ పక్క డబ్బీ విప్పండి. పిన్నుల నుంచి రిలే (కంప్రెసర్‌ను లేపే చిన్న స్విచ్) ఊడదీసి చెవి దగ్గర ఊపితే గలగలమంటోందా, మాడు వాసన వస్తోందా? అదే నంబరుది మార్చండి, చిన్న ఖర్చుతో పోతుంది. పిన్నులు మూడింటినీ రెండేసి చొప్పున కొలిస్తే రెండు చిన్న రీడింగుల మొత్తం పెద్దదానికి సమానం కావాలి. ఏ పిన్ను నుంచీ కంప్రెసర్ ఒంటికి రీడింగ్ రాకూడదు, వస్తే కంప్రెసర్ పోయింది. ఇన్వర్టర్ కంప్రెసర్‌కు ఈ లెక్క వర్తించదు, అందులో మూడు రీడింగులూ సమానంగా వస్తాయి.

కూరగాయల డబ్బా కింద నీళ్లు

కొత్తిమీర రెబ్బ, కరివేపాకు ఈనె. లోపలి వెనక గోడ అడుగున ఉండే నీళ్ల రంధ్రంలో ఇవి అడ్డం పడతాయి. గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొట్టండి. సూదులూ పుల్లలూ వద్దు.

కంప్రెసర్ ఆగనే ఆగదు, చల్లదనం అంతంతే

తలుపు రబ్బరుతో మొదలుపెట్టండి. పది రూపాయల నోటు తలుపులో ఇరికించి లాగండి. పట్టు లేకుండా జారి వస్తే అక్కడ గాలి దూరుతోంది. మడతల్లో చేరిన నూనె జిడ్డు సబ్బునీళ్లతో కడిగి, వంకరపోయిన చోట హెయిర్ డ్రయర్‌తో వెచ్చబరిచి సర్దితే చాలావరకు కుదురుకుంటుంది. మూడు పక్కలా గోడలున్న గూట్లో ఫ్రిజ్ ఇరికించి ఉంటే ముందుకు జరపండి. లేబుల్ మీద క్లాస్ ‘ఎన్’ అని ఉన్నది గది వేడి 32 డిగ్రీల వరకు, ‘టి’ అని ఉన్నది 43 వరకు పనిచేసేలా తయారవుతాయి. మన వేసవికి ‘ఎన్’ ఆగకుండా తిరగడంలో వింత లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, అప్పుడు గ్యాస్. ఫ్రీజర్ పలక విప్పి కాయిల్ చూడండి. అంతటా పలచగా, సమానంగా మంచు ఉంటే గ్యాస్ సరిపడా ఉంది. మొదటి ఒకటి రెండు చుట్లకే మంచు పట్టి మిగతాది పొడిగా, కంప్రెసర్ తిరుగుతున్నా ఫ్రిజ్ పక్కలు చల్లగా ఉంటే గ్యాస్ తగ్గింది, లేదా గొట్టం పూడుకుంది. సింగిల్ డోర్ వాటిలో దీనికి కారణం చాలాసార్లు మనమే, ఐసును కత్తితో పొడవడం.

అప్పుడైనా మెకానిక్‌ను చిల్లు ఎక్కడో చూపమనండి. దాన్ని మూసి, తేమ పీల్చే ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ పట్టాకే, అంటే గొట్టాల్లోని గాలి లాగేశాకే గ్యాస్ ఎక్కించాలి. ఎన్ని గ్రాములో లేబుల్ మీదే ఉంటుంది. కాటా తేకుండా అందాజాగా ఎక్కిస్తానంటే ఇంకొకరిని పిలవండి.