భీమిలి ఒడ్డున పొదుపుగా బతుకుతూ బొమ్మలు వేయాలంటే

సముద్రం పక్కన ఉండి బొమ్మలు వేసుకోవాలని వచ్చేవారు చాలామంది, కిటికీలోంచి అలలు కనిపించే గది కోసం ఉన్న డబ్బంతా అద్దెకే పోసేస్తారు. భీమిలిలోనైనా, మరే తీరప్రాంతపు ఊళ్లోనైనా ఒడ్డుకు రెండు మూడు వీధులు లోపలగా, ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిని వెతుక్కోండి. అద్దె తగ్గడమే కాదు, ఉత్తరపు వెలుతురు రోజంతా పెద్దగా మారదు, ఉప్పుగాలి కూడా సూటిగా కాగితాన్ని తాకదు.

దేనిలోనైనా పొదుపు చేయండి, కాగితంలో మాత్రం వద్దు. చౌక కాగితం మీద నీటిరంగు రెండో పూత వేసేసరికి పీచు లేస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నూలు కాగితం కొని, 22×30 అంగుళాల షీటును నాలుగుగా కోస్తే 11×15 ముక్కలు వస్తాయి. వెనకవైపు కూడా పనికొస్తుంది కాబట్టి ఒక్క షీటు మీద ఎనిమిది బొమ్మలు వేయవచ్చు. సాధనకు ప్రింటింగ్ ప్రెస్సులో మిగిలిన కాగితం ముక్కలు, పొయ్యిలోని బొగ్గు చాలు.

నా మొదటి వానాకాలంలో పది మంచి షీట్లను గోడకు ఆనించి ఉంచాను. నెల తరువాత ఆకాశానికి పల్చగా నీలం పూస్తే, రంగు అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా లోపలికి ఇంకిపోయింది. కాగితం నీటిని వెంటనే పీల్చేయకుండా ఆపే జిగురుపూత గోడ చెమ్మకు పాడైపోయిందని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి కాగితాన్ని పాలిథిన్‌లో చుట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో దొరికే సిలికా జెల్ పొట్లాలతో పాటు దాస్తున్నాను. ఇనుప క్లిప్పులు తుప్పు మరక వదులుతాయి కనుక, బట్టలకు పెట్టే చెక్క క్లిప్పులే వాడండి.

రంగులు నాలుగు ట్యూబులు చాలు: అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), యెల్లో ఆకర్ (మట్టి పసుపు), థాలో గ్రీన్ (గాఢమైన ఆకుపచ్చ). వీటిలో మట్టిరంగులైన సియెన్నా, ఆకర్ ఖరీదు తక్కువ. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు కావలసినవీ అవే. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే తడి ఇసుకకూ, పడవ నీడకూ, మబ్బు పట్టిన సముద్రానికీ సరిపోయే బూడిదరంగు వస్తుంది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి, తెల్లవారాక కాసేపు విరగబోయే అలలోంచి వెలుతురు దూసుకువచ్చి దాని కడుపు పచ్చటి గాజులా మెరుస్తుంది. థాలో గ్రీన్ ఆ కాసేపటి కోసమే. సాయంత్రం ఎండ మన వీపు వైపు నుంచి పడుతుంది గనుక, ఆ వెలుతురులో పడవల రంగులు, మనుషుల ముఖాలు బాగా కుదురుతాయి. రంగు కలపడానికి సముద్రపు నీరు, ఉప్పగా ఉండే బోరు నీరు వాడకండి. ఎండిన బొమ్మలో మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి బూజుకు దారి తీస్తుంది. వాన నీరు పట్టుకుని ఉంచుకుంటే ఖర్చే లేదు.

తిండి సంగతి సులువు: పొద్దున చద్దన్నం, పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళితే చౌకగా దొరికే నెత్తళ్లు.

ఇక రాబడి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ ఆ పడవలు కదలకుండా ఉంటాయి, గీసుకోవడానికి అంతకన్నా మంచి కాలం లేదు. మరమ్మతులు జరిగేది కూడా అప్పుడే కనుక, పడవల మీద పేర్లు, పూలు ఎనామిల్ పెయింటుతో రాసిపెడతానని అడగండి. “బాబాయ్, మీ పడవ గీసుకోవచ్చా?” అని ముందు అడిగి, గీశాక చూపించడం మరిచిపోవద్దు. ఇటువంటి పనిని చిన్నతనంగా భావించవలసిన అవసరం లేదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యంలో మద్రాసుకు దక్షిణాన సముద్రతీరంలో చోళమండలం కళాకారుల గ్రామాన్ని స్థాపించినవారు బాతిక్ (మైనం పూసి బట్టకు రంగులద్దే పని) వంటి చేతిపనులు అమ్మిన డబ్బుతోనే నిలదొక్కుకున్నారు.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రెండు నెలలూ పూర్తయిన బొమ్మలను రేకుల కప్పు కింద ఉంచకుండా, పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి, డాబా ఇల్లు ఉన్న స్నేహితుల దగ్గర దాచండి.