పాత అవుట్‌బోర్డ్ మోటారు ఉండి ఉండి మిస్సవుతోందా? తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా ఒడిశాలోని గంజాం తీరంలో తెప్పలకు తగిలించి ఉన్న రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటార్లలో పాతవి చాలానే ఉన్నాయి. వాటికి వచ్చే జబ్బుల్లో మనిషిని బాగా విసిగించేది ఒకటుంది. ఒడ్డున బాగానే తిరుగుతుంది. లోపలికి వెళ్ళి అరగంట పరుగెత్తాక ఒక సిలిండర్ తప్పుతుంది, తెప్ప వణుకుతుంది, వేగం పడిపోతుంది. కాసేపటికి దానంతట అదే సర్దుకుంటుంది. రిపేరు షాపుకు మోసుకెళితే అక్కడ శుభ్రంగా తిరుగుతుంది. అప్పుడు వినిపించే మాట ఒక్కటే: "సీడీఐ బాక్సు పోయింది, మార్చాలి." ప్లగ్గులకు స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ డబ్బా అది.

బాక్సు మారుస్తారు, డబ్బు పోతుంది, మోటారు మళ్ళీ మిస్సవుతుంది. ఇది చూసి చూసి విసిగిపోయి రాస్తున్నాను. నిజంగా బాక్సే పోయినవి చాలా తక్కువ. ఉప్పు తిన్న ఎర్త్ జాయింటో, లోపల తెగిన తీగో, తడిసిన స్టాప్ స్విచ్చో అసలు కారణమవుతుంది. రేవు లేని ఊళ్ళలో కెరటాలు విరిగే చోటును దాటే బయటికి వెళ్ళాలి, దాటే లోపలికి రావాలి. అక్కడ ఒక సిలిండర్ ఆగితే తెప్ప అడ్డం తిరుగుతుంది. కాబట్టి ఊహ మీద సామాను మార్చడం మానండి. తప్పును అది జరుగుతున్న క్షణంలోనే పట్టుకోవాలి.

కావలసినవి: ప్లగ్గు పానా, ప్లగ్గు గ్యాపు కొలిచే ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్, మల్టీమీటర్, ఎమరీ కాగితం, గ్రీజు, కొత్త ప్లగ్గుల జత, నియాన్ బల్బు ఉన్న స్పార్క్ టెస్టర్లు రెండు. ఈ టెస్టర్ ప్లగ్గుకూ దాని టోపీకీ మధ్య కూర్చుంటుంది, స్పార్క్ వెళ్ళినప్పుడల్లా వెలుగుతుంది. రెండూ కొనండి, ఒకటితో పని జరగదు.

మొదట కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, గేజ్‌తో చూడండి. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించితే కరెంటు వెతకడం దండగ, పిస్టన్ రింగుల సంగతి ముందు తేల్చుకోవాలి. తరువాత ప్లగ్గులు విప్పి చూడండి. ఒకటి నూనెతో తడిసి నల్లగా, రెండోది గోధుమ రంగులో ఉంటే తడిసినదే మిస్సవుతున్న సిలిండర్. నీటి చుక్కలు కనిపిస్తే హెడ్ గాస్కెట్‌ను అనుమానించండి. పాత ప్లగ్గులు గీకి మళ్ళీ బిగించడానికి నేను ఒప్పుకోను. మోటారు పుస్తకంలో ఉన్న నంబరుదే కొత్త జత వేయండి, గ్యాపు కూడా అందులో ఉన్నంతే పెట్టండి.

తరువాత ఇంధనం. ట్యాంకు మూత మీది గాలి రంధ్రం తెరిచి ఉందా, అడుగున నీళ్ళు చేరాయా, ఫిల్టరు ఎలా ఉంది అన్నవి చూడటానికి పది నిమిషాలు చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో కార్బురేటర్‌లో పెట్రోలు వదిలేసినవారు దాన్ని విప్పి కడగక తప్పదు. జెట్లలో తీగ గుచ్చకండి, మెత్తటి ఇత్తడి రంధ్రం పెద్దదైపోతుంది. కిరోసిన్ మీద నడిపేవారికి నా నియమం ఒకటే: మోటారు వేడెక్కాకే కిరోసిన్‌కు మారాలి, ఆపడానికి ముందు పెట్రోలుకు రావాలి, కిరోసిన్ మీద ఐడిలింగులో వదలకూడదు. ఈ ఒక్కటి పాటించినా సగం ప్లగ్గులు బతుకుతాయి.

ఇక్కడి దాకా ఎవరైనా చేస్తారు. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది, తొందరపడితే చెడేది కూడా ఇక్కడే.

డ్రమ్ములో నీళ్ళు పోసి మోటారు తిప్పి "బాగానే ఉంది" అనడం పరీక్ష కాదు. డ్రమ్ములో ప్రొపెల్లర్‌కు బరువుండదు. బరువు పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అదే గ్యాపు దాటడానికి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజి కావాలి. బలహీనమైన కాయిల్ (ప్లగ్గుకు వోల్టేజి పెంచి పంపేది), పగిలిన వైరు అప్పుడే బయటపడతాయి. కాబట్టి నిలకడ నీటిలో, తెప్పను రెండు తాళ్ళతో గట్టిగా కట్టి, గేరులో వేసి నడపాలి. సోనాపూర్ దగ్గర బాహుదా పాయ లాంటి చోటు మంచిది. ఋషికుల్య ముఖద్వారం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు తాబేళ్ళ రక్షణ కోసం చేపల వేట నిషేధం ఉంటుంది, ఆ నెలల్లో అక్కడ పరీక్షలు పెట్టుకోకండి. లోతు తక్కువగా ఉన్న చోట కూడా వద్దు, నీటి పంపు ఇసుక లాగేస్తుంది.

మూత తీసిన మోటారు దగ్గర ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. భుజం మీద తువ్వాలు తీసేయండి, వదులు చొక్కా వద్దు. ప్రొపెల్లర్ వైపు ఎవరూ నీటిలోకి దిగకూడదు. ఇద్దరుండాలి: ఒకరు థ్రాటిల్ దగ్గర, ఒకరు టెస్టర్ల మీద కన్నేసి. పెట్రోలు డబ్బాలు ఒడ్డునే వదలండి. చాలామంది చేసే పిచ్చి పని ఇంకొకటుంది. నడుస్తున్న మోటారుకు ప్లగ్గు టోపీ పీకి "ఏది చచ్చిందో" చూస్తారు. తడి కాళ్ళతో ఆ షాకు తగిలితే మనిషి నీళ్ళలో పడతాడు. స్పార్క్‌కు దారి లేకపోతే బాగున్న సీడీఐ బాక్సు కూడా పాడవుతుంది. టెస్టర్లు ఉన్నది ఈ పని మానిపించడానికే.

టెస్టర్లు రెండూ బిగించి, ఊడకుండా దారంతో కట్టి, తప్పు వచ్చేదాకా నడపండి. ఇరవై నిమిషాలు పట్టవచ్చు, గంట పట్టవచ్చు. సాయంత్రం వెలుతురు తగ్గాక చేస్తే బల్బుల మినుకు స్పష్టంగా కనిపిస్తుంది, నేనైతే ఆ వేళే ఎంచుకుంటాను. మిస్సవడం మొదలైన క్షణంలో బల్బుల్నే చూడండి.

రెండు బల్బులూ ఎడతెగకుండా వెలుగుతూ ఉంటే స్పార్క్ దాకా అంతా బాగున్నట్టే. తప్పు ఇంధనంలో వెతకాలి. వెంటనే ట్యాంకు గొట్టం మీది రబ్బరు బల్బును చేత్తో పిసకండి. మోటారు కోలుకుంటే ఇంధన పంపు బలహీనపడి ఉంటుంది, లేదా గొట్టంలోకి గాలి వస్తోంది.

ఒక్క బల్బే తప్పుతుంటే ఆ సిలిండర్‌కు చెందినవే చూడాలి: దాని కాయిల్, వైరు, టోపీ. టోపీ తిప్పి తీసి వైరు చివర చూడండి. రాగి పోగులు పచ్చబారి ఉంటే అర సెంటీమీటరు కోసి, మెరిసే రాగి కనిపించాక మళ్ళీ బిగించండి. చీకట్లో వైరు పొడవునా చూస్తే, పగిలినచోట నీలి నిప్పు సన్నగా లోహం మీదికి పాకుతూ కనిపిస్తుంది. టేపు చుట్టి సరిపెట్టకండి, వైరు మార్చండి.

రెండు బల్బులూ ఒకేసారి ఆరుతుంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడింది. సీడీఐ బాక్సు పేరు అందరికీ గుర్తొచ్చేది ఇప్పుడే. ఆగండి. ముందు స్టాప్ స్విచ్. అందులో ఉప్పునీరు చేరితే బాక్సుకు వెళ్ళాల్సిన కరెంటు అప్పుడప్పుడు ఎర్త్‌లోకి పోతుంది. బాక్సు దగ్గర స్టాప్ వైరు విప్పి మళ్ళీ నడపండి. ఏది స్టాప్ వైరో మోటారు పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి, రంగులు కంపెనీని బట్టి మారతాయి. అది విప్పాక స్విచ్ నొక్కినా మోటారు ఆగదు. చోక్ లాగి ఆపాలి. అందుకే ఈ పరీక్ష తాళ్ళతో కట్టిన తెప్పలోనే చేయాలి, సముద్రంలో ఎప్పుడూ వద్దు. మిస్సవడం మానేస్తే దొంగ దొరికినట్టే, కొత్త స్విచ్ వేయండి.

మానకపోతే ఎర్త్. కాయిల్ బోల్టులు, నల్ల వైర్ల రింగులు విప్పి చూడండి. పైకి బిగువుగానే ఉంటాయి, కింద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, ఆ తరువాత పైన గ్రీజు పూయండి.

అదీ కాకపోతే ఫ్లైవీల్ కింది తీగలు. చాలా పాత మోటార్లలో థ్రాటిల్ పెంచినప్పుడల్లా ఫ్లైవీల్ కింది ప్లేటు కొద్దిగా తిరుగుతుంది, దానితోపాటు తీగలూ వంగుతాయి. ఏళ్ళ తరబడి ఒకేచోట వంగి వంగి తొడుగు బాగున్నా లోపలి రాగి తెగుతుంది. థ్రాటిల్ ఒకానొక స్థానంలో ఉన్నప్పుడే మిస్సవుతోందంటే ముందు వీటినే అనుమానించండి. మోటారు ఆపి, మల్టీమీటర్‌ను ఛార్జ్ కాయిల్ (బాక్సుకు కరెంటు ఇచ్చేది) తీగలకు పెట్టి ఓమ్స్ చూడండి. థ్రాటిల్‌ను అడుగు నుంచి చివరి దాకా మెల్లగా జరపండి, మధ్యలో వేలితో తీగలు కదపండి. అంకె ఒక్కసారిగా ఎగిరిపడితే తెగిన చోటు అదే. స్పార్క్ ఎప్పుడు పడాలో బాక్సుకు చెప్పే ట్రిగ్గర్ కాయిల్‌కూ ఇలాగే చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మోటారు కాలుతున్నప్పుడు ఒకసారి కొలవాలి. వేడికి రాగి నిరోధం కొంత పెరగడం సహజమే, కానీ వేడి మీద సర్క్యూట్ పూర్తిగా తెగిపోతే కాయిల్ మార్చాల్సిందే. షాపుల్లో రాత్రంతా చల్లారిన మోటారును పొద్దున్నే కొలిచి "కాయిల్ బాగుంది" అంటారు. ఆ కొలత దేనికీ పనికిరాదు.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే సీడీఐ బాక్సు. కొనడానికి ముందు అదే మోడల్ మోటారున్న పొరుగువారి బాక్సు ఒక గంట అడిగి తెచ్చి, బాగా వేడెక్కిన మోటారుకు పెట్టి చూడండి. బిగించిన ఎలక్ట్రికల్ సామాను సాధారణంగా ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.

తప్పు సరిచేశాక టెస్టర్లు అలాగే ఉంచి, మునుపు మిస్సవడానికి పట్టిన సమయానికి రెట్టింపు సేపు కట్టిన తెప్పలోనే నడపండి. స్టాప్ వైరు తిరిగి తగిలించి, స్విచ్‌తో మోటారు నిజంగా ఆగుతోందో లేదో రెండుసార్లు చూడండి. ఆ తరువాతే టెస్టర్లు తీసి మూత బిగించండి.