కుబుసం ఊడని పాముకు తడి టవల్

మా అనంతపురం ఎండలకు పెంపుడు బాల్ పైథాన్‌కి (విదేశీ చిన్న కొండచిలువ) కుబుసం ఒక్క ముక్కగా ఊడడం కష్టం. తెలిసినతను ఇల్లు ఖాళీ చేస్తూ నాకు అంటగట్టిన పాముకైతే పాత పొర ఉల్లిపొట్టులా ఒంటి నిండా అతుక్కుపోయింది. తోక చివర ఉంగరంలా బిగుసుకుంది.

మూతకు గాలి రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో, పాము ఒళ్లు సగమే తడిసేలా గోరువెచ్చని నీళ్లు పోయండి. 30 డిగ్రీలు దాటొద్దు. నేను చేపల తొట్టి థర్మామీటర్ వాడాను. 20 నిమిషాలు ఉంచండి, పక్కనే కూర్చోండి. తర్వాత తడి టవల్‌ను వదులుగా పట్టుకుని అందులోంచి పాకనివ్వండి, పొర టవల్‌కే అంటుకుని వస్తుంది. గోటితో లాగొద్దు. నాకు రోజు విడిచి రోజు మూడుసార్లు పట్టింది. ఇప్పుడు కుబుసం మళ్లీ అతుక్కోకుండా, పాము దూరేలా కంత కోసిన డబ్బాలో నర్సరీ కొబ్బరి పొట్టు తడిపి, గట్టిగా పిండి పరుస్తున్నాను. అందులోంచి బయటికే రాదు మహాతల్లి!

కంటి మీది పొర మాత్రం దీనితో రాకపోవచ్చు. బలవంతంగా తీస్తే కన్నే దెబ్బతింటుంది, డాక్టరుకే చూపించండి. ఇంట్లో దూరిన మన ఊరి పాములైతే ముట్టుకోకుండా ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి.