రాత్రిపూట సిటీలో లారీ ఇంజిన్ బ్రేకు ఎలా వాడాలి?

రాత్రి రెండింటికి మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. మాది హైదరాబాదులో నాగోల్ ఫ్లైఓవర్ దిగుడుకి దగ్గర్లో రెండో అంతస్తు. లోడు టిప్పరు ఇంజిన్ బ్రేకు మీద దిగిందంటే ఆ దడదడ ముందు కిటికీ అద్దాల్లోకి, తర్వాత గ్లాసుల్లోకి వస్తుంది. ఎనిమిది నెలల మా మనవరాలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. నేను పందొమ్మిదేళ్లు లారీ నడిపినవాణ్ణి, ఆ డ్రైవరు మీద నాకు కోపం లేదు. కాలి బ్రేకు అరగకుండా చూసుకోమని అతనికెవరో మంచి మాటే నేర్పారు. ఎక్కడ ఇంజిన్ బ్రేకు లేకుండానే పని జరుగుతుందో మాత్రం చెప్పలేదు.

1. మీ బండిలో ఏ బ్రేకు ఉందో తెలుసుకోండి

మనవాళ్లు అన్నిటినీ ఇంజిన్ బ్రేకే అంటారు గానీ ఇవి రెండు రకాలు. మన లారీల్లో ఎక్కువగా కనిపించేది ఎగ్జాస్ట్ బ్రేకు. స్విచ్ నొక్కితే పొగగొట్టంలో ఒక మూత అడ్డం పడుతుంది. పొగ బయటికి పోలేక పిస్టన్లకి ఎదురు ఒత్తిడి పెడుతుంది, బండి నెమ్మదిస్తుంది. దీని చప్పుడు బుస కొట్టినట్టుంటుంది, ఊరిని లేపేంత కాదు.

రెండోది కంప్రెషన్ బ్రేకు. సిలిండర్లో గాలి పూర్తిగా నొక్కుకున్న క్షణాన ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఆ గాలిని ఒక్కసారిగా వదిలేస్తుంది. మనకి వినపడే దడదడ అదే. దీన్ని కనిపెట్టిన క్లెస్సీ కమిన్స్ 1931లో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టక ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన యంత్రం 1961లో అమ్మకానికి వచ్చింది. కొండ దిగడానికి చేసిన వస్తువు ఇది, సిగ్నల్ దగ్గర ఆగడానికి కాదు.

2. సైలెన్సర్ చూడండి

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. సైలెన్సర్ బాగుంటే కంప్రెషన్ బ్రేకు చప్పుడు కూడా చాలావరకు అణిగిపోతుంది. పికప్ పెరుగుతుందని లోపలి భాగాలు కోయించేసిన బండి మాత్రం వీధి వీధినంతా లేపుతుంది. ఇంజిను చల్లారాక కిందికి వంగి టార్చి వేసి చూడండి. జాయింట్ల చుట్టూ నల్లటి మసి చార కనపడితే అక్కడ పొగ లీకవుతున్నట్టే. స్పానరుతో మెల్లగా తట్టండి, గలగలమంటే లోపల రేకులు ఊడిపోయాయి. మార్పించండి.

3. సిటీలోకి వచ్చాక స్విచ్ ఆఫ్ చేయండి

ఔటర్ రింగ్ రోడ్డు దిగి, టోల్ దాటి, చదును రోడ్డు మీదికి వచ్చాక స్విచ్ తీసేయండి. దిగుడు మధ్యలో తీయొద్దు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్స్. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో అయితే 40. పెద్ద లారీలకి సిటీలో తిరగనిచ్చేది ఎక్కువగా ఆ రాత్రి గంటల్లోనే. అందుకే ఈ జాగ్రత్త వేరే ఎవరికన్నా లారీ డ్రైవరుకే ఎక్కువ కావాలి. ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ముందు నుంచి వెళ్లేటప్పుడు, లోపల ఊపిరాడక కూర్చుని తెల్లవార్లూ గడిపేవాళ్లుంటారని తలచుకోండి.

4. దూరం నుంచే నెమ్మదించండి

ఎర్ర లైటు కనపడగానే ఎక్సలేటర్ మీంచి కాలు తీసేయండి. గేర్లోనే ఉంచండి. ఇంజిను దానంతటదే బండిని కొంత పట్టి ఉంచుతుంది, చప్పుడూ ఉండదు. ఒక్కో గేరూ తగ్గిస్తూ వచ్చి చివర్లో కాలి బ్రేకు వేస్తే చాలు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టొద్దు. గేర్లో ఉండి కాలు తీస్తే ఇంజినుకి డీజిల్ ఆగిపోతుంది. న్యూట్రల్లో మాత్రం ఐడ్లింగుకి కాలుతూనే ఉంటుంది. పైగా బండి మీ చేతిలో ఉండదు.

ఫ్లైఓవర్ దిగుడుకి కొంచెం మెళకువ కావాలి. పైన ఉండగానే ఒక గేరు తగ్గించండి, సగం దిగాక కాదు. వేగం 35 కిలోమీటర్లు దాటబోతే కాలి బ్రేకు గట్టిగా నొక్కి 27కి తెచ్చి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ 35కి వస్తే మళ్లీ నొక్కండి. కాలు బ్రేకు మీదే ఆనించి దిగితే లైనర్లు, అంటే డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు, కాలిపోతాయి. నొక్కి వదిలితే డ్రమ్ములు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. నాగోల్ లాంటి దిగుడుకి రెండు మూడు నొక్కుళ్లు సరిపోతాయి.

5. అవసరమైతే వెనకాడకుండా వేయండి

శ్రీశైలం రూట్లో ఈగలపెంట దాటి డ్యాం వైపు ఘాట్ దిగుతున్నప్పుడు మొదటి నుంచీ ఇంజిన్ బ్రేకు ఉండాల్సిందే. సిటీలో అయినా బ్రేకుల గాలి ప్రెషర్ పడిపోతున్నా, లైనర్ కాలిన వాసన వచ్చినా, ముందు ఎవరైనా అడ్డం వచ్చినా రాత్రనీ ఆసుపత్రనీ ఆలోచించకుండా వేసేయండి. మా మనవరాలు లేస్తే మేం జోకొట్టుకుంటాం.

వానలో మాత్రం జాగ్రత్త. ఇంజిన్ బ్రేకు పట్టేది ఇంజిను తిప్పే వెనక చక్రాలనే. తడి రోడ్డు మీద ఖాళీ బండికి అది వేస్తే వెనక భాగం పక్కకి జారుతుంది.

6. కాలి బ్రేకు సరిగ్గా పెట్టుకోండి

సిటీలో కూడా ఇంజిన్ బ్రేకు వేసేవాళ్లని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "కాలి బ్రేకు పట్టట్లేదన్నా." లైనర్‌కీ డ్రమ్ముకీ మధ్య ఎడం సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు మెకానిక్‌కి చూపించండి, రోజూ బ్రేకుల గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటికి వదలండి. ఒక ట్రిప్పు అయ్యాక ప్రతి చక్రం దగ్గరా అరచేయి పెట్టి సెగ చూడండి, డ్రమ్ముని తాకొద్దు. ఒక్కటే మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉందన్నమాట. ఒకటి చల్లగా ఉంటే అది అసలు పనిచేయట్లేదు. ఓనర్లకి నా మాట: లైనర్ల ఖర్చు వాయిదా వేసి డ్రైవరుని తిట్టొద్దు.

కోకాపేట, నార్సింగి వైపు రెడీమిక్స్ కాంక్రీటు బండ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. అపార్టుమెంట్ల వాళ్లు దారిలో డ్రైవరుని ఆపి గొడవ పడే బదులు సాయంత్రమే సైటు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, ఏ దిగుడు దగ్గర చప్పుడవుతోందో చూపించి రండి. అతను గేటు దగ్గర ఒక్కమాట చెబితే ఆ రాత్రి వచ్చే బండ్లన్నిటికీ అందుతుంది.