చిరిగిన పాత కాగితాన్ని అతికించడం ఎలా?

ముందుగా ఆ పారదర్శక టేపును బల్ల మీది నుంచి తీసేయండి. నా దగ్గరికి వచ్చే పాత కాగితాల్లో చాలావాటిని పాడుచేసింది చిరుగు కాదు, దాని మీద ఎవరో మంచి ఉద్దేశంతోనే అంటించిన టేపు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది. జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి పసుపుపచ్చని మరకగా మిగులుతుంది.

కావలసినవి: చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములు తూగే జపాన్ టిష్యూ (పొడవైన పోగులున్న పలుచని, గట్టి కాగితం), గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్, సన్నని కుంచె, పట్టకారు, బ్లాటింగ్ పేపర్, జిగురు అంటని పలుచని పాలియెస్టర్ బట్ట, గాజు పలక, ఏదైనా బరువు. నూలు చేతి తొడుగులు వద్దు. వాటితో వేళ్లకు స్పర్శ తెలియదు, పెళుసు అంచులు దారాలకు తగులుకుంటాయి. చేతులు కడుక్కుని బాగా ఆరనిస్తే చాలు.

కాగితం మీది దుమ్మును మెత్తని కుంచెతో మధ్య నుంచి అంచులకు తుడవండి. ఒక అక్షరం కొసన సూదిమొనంత నీరు పెట్టి బ్లాటింగ్ ముక్కతో అద్దండి. రంగు అంటితే అక్కడితో ఆపేయండి. ఇనుప లవణాలతో చేసిన పాతకాలపు సిరాతో రాసిన పత్రమైతే ఈ పరీక్ష కూడా చేయవద్దు. తడి తగిలితే ఆ సిరాలోని ఇనుము, ఆమ్లం పక్కకు పాకి కాగితాన్ని తినేస్తాయి. దాన్ని నిపుణులకే అప్పగించండి.

జిగురు కోసం ఒక వంతు స్టార్చ్‌కు ఐదు వంతుల నీళ్లు పోసి, సన్నని సెగపై అరగంట కలుపుతూ ఉడికించండి. చల్లారాక సన్నని జల్లెడలో రుద్ది, కొద్దిగా నీళ్లతో పలచన చేయండి. టిష్యూను కత్తెరతో కోయకూడదు. తడి కుంచెతో గీత గీసి, దాని వెంట చేత్తో లాగితే అంచున పోగులు పైకి వస్తాయి. కత్తిరించిన తిన్నని అంచు దగ్గరే పెళుసు కాగితం మళ్లీ విరుగుతుంది.

అసలు కష్టమంతా తడి దగ్గరే. చిరుగు అంచుల్ని బాగా చూడండి. సాధారణంగా ఒక అంచు వాలుగా ఉండి రెండోదాని కింద ఇముడుతుంది. ఏది పైకి రావాలో తేల్చుకోకుండా అతికిస్తే అక్షరాలు కలవవు. గాజు మీద టిష్యూకు జిగురు రాసి, పట్టకారుతో ఎత్తి, వెంటనే కాగితం మీద పెట్టకండి. ఒకసారి బ్లాటింగ్ పేపర్‌కు తాకించండి. టిష్యూ మీద నీటి మెరుపు పోయి, జిగట మాత్రం మిగలాలి. మెరుపు ఉండగానే పెడితే నీరు పాత కాగితంలోని మురికిని తోసుకుంటూ వెళ్లి, ఆగినచోట గోధుమరంగు గీత వదులుతుంది. తర్వాత దాన్ని తీయడం మహా కష్టం. తొందరపడి పాడుచేసేవాళ్లంతా ఇక్కడే పాడుచేస్తారు.

పొడవైన చిరుగును ఒకే పట్టీతో అతికించవద్దు. లోపలి కొస నుంచి అంచు వైపు చిన్న ముక్కలుగా రండి. పైన, కింద పాలియెస్టర్ బట్ట, దాని మీద బ్లాటింగ్ పేపర్, గాజు, బరువు పెట్టండి. పది నిమిషాలకు బ్లాటింగ్ మార్చి, రాత్రంతా కదపకండి. వేడిగాలితోనో ఇస్త్రీపెట్టెతోనో ఆరబెడితే కాగితం ముడతలు పడుతుంది.

పాత పత్రాలను ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో లామినేట్ చేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ పొర మళ్లీ క్షేమంగా ఊడిరాదు. స్టార్చ్ అతుకు ఏళ్ల తర్వాత కూడా కాస్త తేమకే వదులుతుంది. ఉదయం తీసి చూసినప్పుడు మీ అతుకు బిరుసుగా ఉంటే జిగురు ఎక్కువైనట్టు. తడి చేసి, తీసి, మళ్లీ వేయండి.