రెండో తాళం, 5వ పాఠం: ఫోన్ పోయాక అకౌంట్‌లోకి మళ్లీ ఎలా వెళ్లాలి?

పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్‌నే ఈ పాఠాల్లో రెండో తాళం అంటున్నాను. ఆ కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్‌ను కొత్త ఫోన్‌లోకి మార్చుకోమని కిందటి పాఠంలో చెప్పాను. కొందరు కొత్త ఫోన్‌లో యాప్ దించుకుని, అక్కడితో పనైపోయిందనుకుని పాత ఫోన్‌ను రీసెట్ చేసి ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేశారు. ఇంటికొచ్చి యాప్ తెరిస్తే ఖాళీ. పాత ఫోన్ చెరిపేముందు కొత్త ఫోన్‌లో వచ్చే కోడ్ ఒక్కసారి కొట్టి చూడమన్న మాట ఆ పాఠంలో మొదటే రావాలి. నేను చివర్లో రాశాను, అది నా పొరపాటే. అందుకే పాస్‌కీల (పాస్‌వర్డ్ బదులు వాడేవి) పాఠం వచ్చేసారికి వాయిదా వేసి, ఇవాళ బయట ఉండిపోయినవాళ్లను లోపలికి తీసుకెళ్లే పని చూద్దాం.

ముందు ఒక్కటి చూసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనో ఇంట్లో ట్యాబ్‌లోనో ఆ అకౌంట్ ఇంకా తెరిచే ఉందా? ఉంటే దాన్ని లాగౌట్ చెయ్యొద్దు, కుకీలు (బ్రౌజర్ మీ లాగిన్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) తుడవొద్దు. అక్కడి నుంచే సెక్యూరిటీ పేజీకి వెళ్లండి. పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. ఆ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దని ఎప్పుడో టిక్ పెట్టి ఉంటే చాలాసార్లు రెండో కోడ్ అడగదు. లోపలికెళ్లగానే కొత్త బ్యాకప్ కోడ్లు (ఫోన్ లేనప్పుడు రెండో కోడ్ బదులు కొట్టేవి) తీసుకుని, ఆథెంటికేటర్‌ను కొత్త ఫోన్‌తో మళ్లీ కలపండి. మీ పని అయిపోయినట్టే.

ఎక్కడా తెరిచి లేనివాళ్ల సంగతికి వస్తాను. దానికంటే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కున్నారు.

ఆథెంటికేటర్ కోడ్ సిమ్‌కి రాదు. అసలు అది ఎక్కడి నుంచో "వచ్చే" కోడే కాదు.

విజయవాడ నుంచి ఒకావిడ రాశారు: "అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నాను. రెండు రోజులైంది, ఆథెంటికేటర్‌కి కోడ్ రాలేదు." సిమ్ పాడైందేమోనని మళ్లీ సెంటర్‌కి వెళ్లి ఇంకో సిమ్ కూడా మార్పించుకున్నారట. ఆమె తప్పేమీ లేదు, ఓటీపీ అంటే మెసేజ్ అనే మనకందరికీ అలవాటైపోయింది. కానీ ఇక్కడ జరిగేది వేరు. మొదట్లో క్యూఆర్ స్కాన్ చేశారు కదా, ఆ గళ్లలో ఒక రహస్య కీ ఉంది. యాప్ దాన్ని ఫోన్‌లో దాచుకుంది, ఆ కంపెనీ సర్వర్ కూడా తన దగ్గర ఒక కాపీ ఉంచుకుంది. యాప్ ఆ కీని, గడియారంలోని టైమును కలిపి 30 సెకన్లకోసారి 6 అంకెలు లెక్కకడుతుంది. సర్వర్ కూడా అదే లెక్క కడుతుంది. రెండూ కలిస్తే తలుపు తెరుస్తుంది. యాప్ పనిచేస్తున్న ఫోన్ దగ్గరుంటే ఇప్పుడే సిమ్ తీసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. అంకెలు మారుతూనే ఉంటాయి. కాబట్టి ఎన్ని సిమ్‌లు మార్చినా కీ తిరిగిరాదు. యాప్ తీసేసి మళ్లీ వేసినా రాదు.

కోడ్ కనిపిస్తున్నా "తప్పు" అంటోందని ఇద్దరు రాశారు. ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా ఉండేలా పెట్టండి. గడియారం తేడాగా ఉంటే లెక్క కూడా తప్పుతుంది.

2023 ఏప్రిల్ నుంచి గూగుల్ ఆథెంటికేటర్‌లో కోడ్లను గూగుల్ అకౌంట్‌తో సింక్ చేసుకునే వీలుంది. అలా చేసుకుని ఉంటే, కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో యాప్‌లోకి వెళ్లగానే అన్నీ తిరిగొస్తాయి. అయితే జీమెయిల్ తెరవడానికి కావలసిన కోడ్ కూడా అందులోనే ఉంటే? బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. అందుకే జీమెయిల్‌కి మాత్రం కాగితం మీద కోడ్లు ఉండితీరాలంటాను.

ఎస్ఎంఎస్ ఓటీపీ పెట్టుకున్నవాళ్లకైతే డూప్లికేట్ సిమ్మే సరైన దారి. కాకపోతే మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపుతారు. మీ నంబరు మీద దొంగ సిమ్ తీసినవాడికి వెంటనే ఓటీపీలు చేరకూడదని పెట్టిన నిబంధన అది. ఆ రోజంతా "మళ్లీ పంపు" నొక్కొద్దు, ఎక్కువసార్లు నొక్కితే అకౌంటే కాసేపు ఆగిపోతుంది. వాట్సాప్ 6 అంకెల పిన్ మరిచిపోయి, దానికి ఈమెయిల్ కూడా ఇవ్వకపోతే 7 రోజులు ఆగాలి.

ఏ దారీ లేనివాళ్లకు మిగిలింది గూగుల్ అకౌంట్ రికవరీ పేజీ. రోజూ వాడే కంప్యూటర్‌లో, రోజూ వాడే బ్రౌజర్‌లో, ఇంటి వైఫై మీదే తెరవండి. స్నేహితుడి ఇంటి నుంచో నెట్ సెంటర్ నుంచో ప్రయత్నిస్తే అవకాశం తగ్గుతుంది. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి, పాత పాస్‌వర్డ్ సరిగ్గా గుర్తులేకపోతే దగ్గరగా ఉన్నదైనా రాయండి. జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఈలోగా డబ్బిస్తే తెరిపిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, వాళ్లు దొంగలు. ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ సైట్ అయితే ముందే చెబుతుంది: రెండో తాళం, రికవరీ కోడ్లు అన్నీ పోతే సపోర్ట్ వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు.

ఇక కాగితం సంగతి. గూగుల్ ఒక విడతకు 10 బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కొక్కటి 8 అంకెలు, ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త విడత తీసుకుంటే పాతవన్నీ చెల్లవు, కాబట్టి పాత కాగితం చింపేయండి. స్క్రీన్‌షాట్ నాకు నచ్చదు. అది ఫోన్‌తోపాటే పోతుంది, లేదంటే మీరు తెరవలేని ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. నా కాగితం పొలం పాస్‌బుక్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో ఉంది. 10లో 3 కోడ్లు నీలం పెన్నుతో కొట్టేసి, పక్కన వాడిన తేదీలు వేసి ఉన్నాయి. రెండో ప్రతి అక్కయ్య ఇంట్లో ఉంటుంది.

సాధన: అకౌంట్ చేతిలో ఉన్నవాళ్లందరూ ఈ శనివారం చెయ్యాలి. కోడ్లు కాగితం మీద రాసుకోండి. సాయంత్రం 6 గంటలకు ఫోన్ స్విచ్చాఫ్ చేసి బీరువాలో పెట్టండి. ఇంట్లో కంప్యూటర్‌లో, పాత లాగిన్లు గుర్తుండని ప్రైవేట్ విండో తెరిచి, జీమెయిల్‌తోపాటు రెండో తాళం ఉన్న ప్రతి అకౌంట్‌లోకీ ఫోన్ ముట్టుకోకుండా వెళ్లాలి. వెళ్లలేకపోయిన అకౌంట్ల పేర్లు అదే కాగితం వెనక రాసుకోండి. రాత్రి 9 తర్వాతే ఫోన్ తియ్యండి. ఆ పేర్ల పని ఆదివారం పూర్తిచేసి, ఏ అకౌంట్ దగ్గర ఆగిపోయారో నాకు రాయండి. కోడ్లు మాత్రం నాకు కూడా పంపొద్దు.